ఉయ్యాల పడకకు వీపు చలి
చలికాలంలో అరకులోయ వెళ్ళి, చెట్లకు గుడ్డ ఉయ్యాల కట్టుకుని పడుకోవాలని సరదా పడేవారు ఒక సంగతి గమనించాలి. ఎంత మందపు రగ్గు చుట్టుకున్నా వీపు కింది భాగం ఒంటి బరువుకు అణిగిపోతుంది. కింద ఆడే గాలి ఒంటి వేడిని లాగేస్తుంది. తెల్లవారుజామున పిల్లలు వణుకుతూ లేచేది అందుకే సుమా!

దీనికి విరుగుడు నురుగు చాప. బరువు సుమారు 400 గ్రాములే. ముల్లు గుచ్చుకున్నా పనికి వస్తుంది. గాలి పరుపు మరింత మెత్తన, మడిస్తే చిన్నది. కాని చిల్లి పడిందో, ఆ రాత్రికి జాగరమే. గాలి కాస్త తక్కువగా నింపితే ఉయ్యాల వంపుకు ఒదుగుతుంది.

20 అంగుళాల వెడల్పయితే భుజాలకు చలి తగులుతుంది. 25 అంగుళాలది మేలు. దానిమీద వేసే ‘ఆర్’ అంకె ఎంత పెద్దదైతే అంత వెచ్చన.

ప్రయాణానికి ముందు ఒక రాత్రి పెరట్లోనే పడుకుని చూడండి. వీపు వెచ్చగా ఉంటే మూట కట్టండి!