ఇంటిస్థల పట్టా: అర్హత, హక్కు, పరిమితి – పెద్దముడియం నేపథ్యం

తూర్పు చాళుక్య శాసనాలలోని వంశగాథ ప్రకారం, యుద్ధంలో భర్తను కోల్పోయిన గర్భవతియైన రాణికి ముడివేము అగ్రహారంలో విష్ణుభట్ట సోమయాజి ఆశ్రయమిచ్చాడు. ఆ ముడివేమును చరిత్రకారులు నేటి కడప జిల్లా పెద్దముడియంగా గుర్తించారు. గాథలోని ఆశ్రయానికి దాత దయ ఆధారం. నేటి నిరుపేద పొందే ఇంటిస్థలానికి చట్టం ఆధారం. ఆ చట్టం ఇచ్చే హక్కు ఎటువంటిదో పరిశీలించవలసి ఉన్నది.

2020 డిసెంబరు 25న ప్రారంభమైన ‘నవరత్నాలు – పేదలందరికీ ఇళ్లు’ పథకంలో గ్రామాలలో 1.5 సెంట్లు, పట్టణాలలో 1 సెంటు చొప్పున మహిళల పేర పట్టాలిచ్చారు. తెల్లరేషన్ కార్డు ఉండాలి. రాష్ట్రంలో ఎక్కడా సొంత ఇల్లుగాని స్థలంగాని ఉండరాదు. లోగడ ప్రభుత్వ గృహనిర్మాణ పథకంలో లబ్ధి పొంది ఉండరాదు. భూమి మాగాణి అయితే 2.5 ఎకరాలకు, మెట్ట అయితే 5 ఎకరాలకు మించరాదు. ఈ భూపరిమితి కొత్తది కాదు. అసైన్డు భూముల బదిలీని నిషేధించిన 1977 నాటి చట్టం ‘భూమిలేని నిరుపేద’ను నిర్వచించిన కొలతే ఇది. శనగ పండే ఈ నల్లరేగడి మెట్టలో వాన తప్పిన ఏడు ఆరెకరాల రైతుకూ కూలికీ రాబడిలో ఎంత తేడా ఉంటుందో ఇక్కడివారిని అడగాలి. నిబంధన మాత్రం ఎకరాలనే లెక్కిస్తుంది. ఇంటికి నిర్ణయించిన 1.80 లక్షల రూపాయలూ అంతే: తడికి ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నేలలో పునాదికయ్యే అదనపు వ్యయం అందులో కనబడదు.

ఇక హక్కు. పట్టా వారసులకు సంక్రమిస్తుంది. అమ్మకం మాత్రం గడువుకు లోబడినది. 1977 చట్టం 3వ సెక్షను అసైన్డు భూమి విక్రయం చెల్లదంటుంది. 4వ సెక్షను దానిని కొన్నవారి నుండి స్వాధీనం చేసుకొని, తొలి పట్టాదారుకు లేదా వారసులకు తిరిగి అప్పగించే వీలు కల్పిస్తుంది. ఇంటిస్థలాలకు 2019 సవరణ 20 ఏళ్ల తరువాత బదిలీకి అనుమతించగా, 2021లో ఆ గడువు 10 ఏళ్లకు తగ్గింది. కనుక పెళ్లికో ఆసుపత్రికో డబ్బు అవసరమై గడువుకు ముందే బాండుపేపరుపై అమ్మితే, ఆ పత్రం కొన్నవారికి హక్కునివ్వదు. అమ్మినవారికీ న్యాయమైన ధర దక్కదు. చెల్లని పత్రానికి నిండు ధర ఎవరిస్తారు?

ఇల్లు పూర్తయ్యేవరకు అద్దెకుండే కుటుంబం స్థితి మరింత బలహీనం. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం అమలులో ఉన్నకాలంలో మునిసిపాలిటీలకు ఉద్దేశించినదిగా ఉండేది. దాని రక్షణ ప్రొద్దుటూరు వంటి పట్టణాలకేగాని గ్రామాలకు చేరలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు నెలవారీ అద్దెను 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. అయినా బలవంతంగా తాళం వేయడానికి యజమానికి అధికారం లేదు. అలా గెంటివేస్తే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షను కింద ఆరు నెలలలోపు స్వాధీనం కోసం దావా వేయవచ్చు. ప్రభుత్వంపై మాత్రం ఈ దావా కుదరదు. అధికారులు పట్టాను రద్దు చేసినప్పుడు, నోటీసు ఇవ్వలేదనో తన వాదన వినలేదనో చూపుతూ పట్టాదారు రెవెన్యూ అప్పీలుకు గాని హైకోర్టులో రిట్‌కు గాని వెళ్లవలసిందే.