అడవిలో పడక: ఉయ్యాలా, గుడారమా?

చలికాలం రాగానే లంబసింగి, వంజంగి కొండల మీద గుడారాలు వెలుస్తాయి. తెల్లవారుజామున లోయలో పరుచుకునే మేఘాలు చూద్దామని వచ్చినవాళ్లలో చాలామందికి ఆ రాత్రి కునుకు పట్టదు. గుడారంలో చలి అనుకుని కొందరు ఈసారి హ్యామక్ కొనుక్కుందామనుకుంటారు. రెండు చెట్ల మధ్య కట్టుకునే గుడ్డ ఉయ్యాల అది. నేల చెమ్మ తగలదు, రాళ్లూ వేళ్లూ గుచ్చుకోవు కాబట్టి వెచ్చగానూ ఉంటుందని వాళ్ల ఆశ. కానీ చలి రాత్రి ఒట్టి ఉయ్యాలలో పడుకుంటే గుడారంలో కంటే ఎక్కువే వణకాల్సి వస్తుంది.

నిద్రపోతున్న మనిషి ఒంటి నుంచి సుమారు 70, 80 వాట్ల వేడి వెలువడుతూ ఉంటుంది. దుప్పటి సొంతంగా వేడి పుట్టించదు, ఈ వేడిని బయటికి పోనివ్వదు, అంతే. ఆ పని చేసేది కూడా దుప్పటి దారాలు కాదు, వాటి మధ్య చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి. స్లీపింగ్ బ్యాగ్ అంత లావుగా ఉబ్బి ఉండేది ఆ గాలి కోసమే. దాన్ని నేల మీద పరిచి అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. నాలుగు వేళ్ల మందం కాస్తా అప్పడమంత పలచనైపోతుంది. రాత్రంతా మన వీపు, నడుము చేసేది ఇదే. పైభాగం ఎంత ఉబ్బి ఉన్నా, కింద మాత్రం మనకూ చలికీ మధ్య గాలి మిగలదు.

గుడారంలో ఆ నలిగిన సంచి కింద చల్లటి నేల ఉంటుంది. తగిలి ఉన్నంతసేపూ అది ఒంట్లో వేడిని లాగేసుకుంటూనే ఉంటుంది. ఉయ్యాలలో నేల బాధ లేదు గానీ, గుడ్డ కింద గాలి వీస్తూ ఉంటుంది. వీపు దగ్గర కాస్త వెచ్చబడిన గాలిని ప్రతి విసురూ ఊడ్చుకుపోతుంది. అందుకే మామూలుగా హాయిగా అనిపించే 20 డిగ్రీల రాత్రి కూడా ఉయ్యాలలో వీపు చల్లబడుతుంది. చలి వేస్తోందని మరో రగ్గు కప్పుకుంటే పెద్దగా లాభం లేదు, ఎందుకంటే వేడి పోతున్నది కింది నుంచి.

గుడారంలో దీనికి మందు కింద పరుచుకునే మ్యాట్. బరువు పడ్డా అణగని నురగలోనో, గాలి నింపిన అరల్లోనో గాలిని పట్టి ఉంచుతుంది. మంచి మ్యాట్‌ల మీద ఆర్-వాల్యూ అనే అంకె ఉంటుంది. అది ఎంత పెద్దదైతే వేడిని అంత బాగా ఆపుతుంది. ఒకదాని మీద ఒకటి రెండు మ్యాట్‌లు వేసుకుంటే ఆ అంకెలు కలుస్తాయి. ఉయ్యాలకైతే అండర్‌క్విల్ట్ అనే బొంత ఉంది. దాన్ని గుడ్డకు వెలుపల, కింద వేలాడదీస్తారు. మన బరువు దాని మీద పడదు కనుక అది నలగదు. అయితే గుడ్డకూ దానికీ మధ్య సందు వదిలితే గాలి దూరి పనంతా చెడగొడుతుంది. ఉయ్యాలలోనే మ్యాట్ వేసుకున్నా కొంత నయం, కానీ అది అర్ధరాత్రి జారిపోతుంది, భుజాల దగ్గర గుడ్డ ఒంటికి చుట్టుకున్నచోట చలి తగులుతుంది.

చెమ్మ విషయంలో మాత్రం ఉయ్యాలదే పైచేయి. ఊపిరి, చర్మం ద్వారా ఒక్కో మనిషి నుంచి రాత్రికి దాదాపు పావు లీటరు నీరు ఆవిరిగా పోతుంది. మబ్బులేని రాత్రి గుడారం పైగుడ్డ తన వేడిని ఆకాశంలోకి వదిలి, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. వెచ్చదనం కోసం జిప్పులన్నీ మూసేస్తే ఆ ఆవిరంతా పైగుడ్డ లోపలివైపు చుక్కలు కట్టి, తెల్లారేసరికి మన మీదే రాలుతుంది. కాబట్టి చలి వేసినా పై కిటికీలు కాస్త తెరిచే ఉంచాలి. పక్కలు తెరిచి ఉన్న టార్పాలిన్ కింద కట్టిన ఉయ్యాలలో ఆవిరి నిలవదు.

ఉయ్యాల ఊపు గాఢనిద్ర ఇస్తుందని ప్రకటనల్లో కనిపిస్తుంది. దీని వెనక నిజమైన పరిశోధన ఉంది. జెనీవా శాస్త్రజ్ఞులు 2011లో 12 మందిని నాలుగు సెకన్లకోసారి మెల్లగా ఊగే మంచం మీద 45 నిమిషాలు పడుకోబెడితే, వాళ్లు మగత దాటి తొందరగా నిద్రలోకి జారారు. 2019లో 18 మందిని రాత్రంతా ఊపి చూస్తే గాఢనిద్ర పెరిగింది. కానీ ఆ మంచాన్ని యంత్రం ఆపకుండా ఊపింది. హ్యామక్ మనం ఎక్కిన కాసేపటికే ఊగడం ఆగిపోతుంది. చీర ఉయ్యాలలో పసిబిడ్డను తల్లి ఊపుతూనే ఉంటుంది కాబట్టి ఆ ఫలితం దానికి దగ్గర, దీనికి కాదు.

ఇక కట్టే తీరు. చాలామంది ఉయ్యాల సాగకూడదని తాడును బిగలాగి కడతారు. ఇది ప్రమాదం. తాడు అడ్డగీతకు 30 డిగ్రీల వాలులో ఉంటే, 70 కిలోల మనిషికి ఒక్కో వైపు తాడు మీద పడే లాగుడు సుమారు 70 కిలోల బరువుతో సమానం. వాలు 10 డిగ్రీలకు తగ్గితే అది 200 కిలోలు, 5 డిగ్రీలైతే 400 కిలోలు. తాడు తెగేదీ, సన్నటి కొమ్మ విరిగేదీ ఇక్కడే. బొటనవేలు పైకి, చూపుడువేలు ముందుకు చాపి, రెంటి కొసలనూ కలుపుతూ తాడు కనిపిస్తే వాలు దాదాపు సరిపోయినట్టే. అలా కొంచెం వదులుగా కట్టిన ఉయ్యాలలో ఐమూలగా పడుకుంటే నడుము వంగకుండా వీపు చదునుగా ఉంటుంది.

పాముల మాట కూడా చెప్పాలి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. దాని కాటు చాలాసార్లు నొప్పే పుట్టించదు కనుక నేల మీద నిద్రపోయేవాళ్లకు ప్రాణాంతకం. అడుగు గుడ్డ కలిపి కుట్టిన గుడారంలో జిప్పు పూర్తిగా మూసుకుంటే ఆ భయం చాలావరకు పోతుంది. దోమలకైతే ఉయ్యాలలో పైన వల ఒక్కటీ చాలదు, పలచటి గుడ్డలోంచి కింది నుంచీ కుడతాయి.

నా మాట ఇది: డిసెంబరు, జనవరిలో లంబసింగి వెళ్లేవాళ్లు అండర్‌క్విల్ట్ లేకుంటే ఉయ్యాల జోలికి పోవద్దు. గుడారం, మంచి మ్యాట్ తీసుకెళ్లండి. గుడారాన్ని కూడా పల్లంలో కాకుండా కాస్త ఎత్తున వేయండి, చల్లగాలి బరువెక్కి రాత్రి పల్లానికే చేరుతుంది. నేల వాలుగా, రాళ్లతో, తడిగా ఉండి రాత్రి వెచ్చగా ఉండే చోట ఉయ్యాలే సుఖం. కట్టేటప్పుడు సన్నతాడు వాడొద్దు, బెరడు కోసుకుపోయి చెట్టు దెబ్బతింటుంది. రెండు వేళ్ల వెడల్పు పట్టీ వేయండి. కాఫీతోటల్లోని సిల్వర్ ఓక్ కొమ్మలు పెళుసు. ఏ చెట్టుకు కట్టినా ముందు తలెత్తి చూడండి, మీద ఎండుకొమ్మ ఉంటే వేరే చెట్టు వెతుక్కోండి.