ప్రైవేటు బడికి పంపే తల్లిని తప్పుపట్టే ముందు

జూన్‌లో బడులు తెరవగానే దళితవాడ ముందు పసుపు బస్సులు ఆగుతాయి. కూలికి పోయే తల్లి బిడ్డ మెడకు టై సర్ది బస్సెక్కిస్తుంది. వాడకు కూతవేటు దూరంలోనే మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఉంది. అక్కడ ఫీజు లేదు, పుస్తకాలు ఉచితం, మధ్యాహ్నం భోజనం పెడతారు. అయినా ఆమె డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని ప్రైవేటుకు కడుతుంది.

ప్రభుత్వ విద్యను కాపాడుకోవాలని కొట్లాడే మనకు ఇది మింగుడు పడదు. 'ఇంగ్లిష్ మోజు' అనేసి ఊరుకుంటాం. కానీ ఆ తల్లి వేసుకున్న లెక్కను ఒక్కసారి విప్పి చూద్దాం.

మొదటి లెక్క వయసుది. ప్రైవేటు బడి మూడేళ్లకే నర్సరీలో చేర్చుకుంటుంది. సర్కారు బడి చాలాచోట్ల ఒకటో తరగతితోనే మొదలవుతుంది. మధ్యలో ఉన్నది అంగన్‌వాడీ. అక్కడ గుడ్డు, పాలు దొరుకుతాయి, చదువు సంగతి మాత్రం ఆ తల్లికి నమ్మకం కుదరదు. పైగా పొద్దున తీసుకెళ్లి సాయంత్రం దించే బస్సు ఉంటే ఆమె కూలి పోదు. ఎల్‌కేజీలో ప్రైవేటుకు పోయిన బిడ్డ ఒకటో తరగతికి వెనక్కి రావడం అరుదు.

రెండో లెక్క తరగతికో టీచర్. విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. అంటే పిల్లలు తక్కువున్న బడిలో ఐదు తరగతులకు ఇద్దరే ఉన్నా చట్టం ఉల్లంఘన కాదు. ఒకరు సెలవు పెడితే బడి మొత్తం ఒకే గదిలో కూర్చుంటుంది. పిల్లలు తగ్గితే టీచర్లు తగ్గుతారు, టీచర్లు తగ్గితే మిగిలిన పిల్లలూ పోతారు. ప్రైవేటు టీచరుకు జీతం తక్కువ, చాలాసార్లు శిక్షణ కూడా ఉండదు. కానీ ఒక తరగతికి ఒక మనిషి కళ్లముందు కనిపిస్తారు.

మూడోది ఇంగ్లిష్. తమ పిల్లల్ని ఇంగ్లిష్ మీడియంలో చదివిస్తూ పేదలకు మాతృభాష గొప్పతనం చెప్పడమేమిటని కంచ ఐలయ్య లాంటివాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులను ఇంగ్లిష్ మీడియంలోకి మార్చాలని 2019లో ఇచ్చిన జీవోను 2020లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022-23 నుంచి తన బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టింది. అప్పటికే ఊళ్లో డబ్బున్న ఇళ్ల పిల్లలు బడి వదిలి చాలా కాలమైంది.

ఇక్కడే నాలుగో లెక్క ఉంది. దాన్ని పైకి ఎవరూ చెప్పరు. చాలా ఊళ్లలో సర్పంచి మనవడు, భూస్వామి బిడ్డ, ఆఖరికి ఆ బడి టీచరు పిల్లలు కూడా సర్కారు బడిలో ఉండరు. మిగిలేది మన పిల్లలే. అది ఊరి నోట 'ఎస్సీల బడి' అవుతుంది. నీళ్లు రాకపోయినా, టీచరు రాకపోయినా గట్టిగా అడిగే పలుకుబడి ఉన్నవాళ్లు లోపల లేరు. ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్ల పిల్లలు సర్కారు బడిలోనే చదవాలని 2015లో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికి చెప్పింది. అది అమలు కాలేదు. వెలివాడను వదిలి వచ్చినట్టే ఆ తల్లి వెలి బడిని వదులుకుంటోంది.

మరి ప్రైవేటులో కులం లేదా?

ఉంది. అక్కడ ఫీజు కట్టనివాళ్లను లేపి నిలబెట్టినప్పుడు నిలబడేది ఎక్కువగా మన పిల్లలే. బాకీ ఉంటే టీసీ ఇవ్వరు. ఇద్దరికీ కట్టలేని ఇంట్లో కొడుకు బస్సెక్కుతాడు, కూతురు సర్కారు బడికి నడుస్తుంది. కులం నుంచి తప్పించుకోవడానికి చేసిన అప్పు ఇంట్లో ఆడపిల్లను వెనక్కి నెడుతోంది. దీని గురించి మన వాడల్లోనే మాట్లాడుకోవాలి.

ఆ తల్లిని తప్పుపట్టే ప్రభుత్వం ఏం చేస్తోందో కూడా చూడాలి. ఎంపికైన ఎస్సీ పిల్లల ఫీజు తానే కట్టి ప్రైవేటు బడుల్లో చదివించే పథకం తెలంగాణలో ఉంది. దాని పేరు 'బెస్ట్ అవైలబుల్ స్కూల్స్'. అందుబాటులో ఉన్న మంచి బడి తనది కాదని ప్రభుత్వమే పేరు పెట్టి ఒప్పుకుంది.

సర్కారు చదువుకు శక్తి లేదని కాదు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. కానీ గురుకుల ప్రవేశం ఐదో తరగతి నుంచి. మూడేళ్ల నుంచి తొమ్మిదేళ్ల దాకా బిడ్డను ఎక్కడ చదివించాలన్నదే తల్లుల ప్రశ్న.

కాబట్టి మన డిమాండ్లు ఆ లెక్కల నుంచే పుట్టాలి. ప్రతి ప్రాథమిక బడిలో ప్రీ-ప్రైమరీ తరగతులు, తరగతికో టీచరు కావాలి. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాలకివ్వాలన్న సెక్షన్ 12(1)(సి)ని 2012లో సుప్రీంకోర్టు సమర్థించింది. తెలంగాణలో అది ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది. ఇది ప్రైవేటును పెంచడం కాదా అని అడిగే మిత్రులున్నారు. సర్కారు బడి బాగుపడే దాకా ఈ ఏడాది మూడేళ్లు నిండిన బిడ్డ ఆగలేదు. రెండు పోరాటాలూ కలిసే నడవాలి.

కార్యకర్తలు, విద్యార్థులు వెంటనే చేయగల పని ఒకటుంది. సెక్షన్ 21 ప్రకారం స్కూల్ యాజమాన్య కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులుండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలుండాలి, మన పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల నిష్పత్తిలో చోటుండాలి. మీ ఊరి బడికి వెళ్లి ఆ కమిటీ జాబితా అడగండి. అందులో వాడ తల్లుల పేర్లు ఎన్ని ఉన్నాయో, చివరి సమావేశం ఎప్పుడు జరిగిందో చూడండి.