పండ్లతో కూర్చిన చక్రవర్తి

ఆ చిత్రాన్ని దూరం నుంచి చూస్తే నిండైన పురుషుని ముఖం కనిపిస్తుంది. దగ్గరకు వెళ్తే ముఖం మాయమై పండ్లూ కూరగాయలూ మాత్రమే మిగులుతాయి. ముక్కు బేరిపండు, బుగ్గలు ఎర్రని ఆపిల్ పండ్లు, కనురెప్పలు బఠానీకాయలు, ఛాతీ గుమ్మడికాయ. చెవి స్థానంలో మొక్కజొన్న కంకి ఉంది. ఆ పంట అమెరికా నుంచి యూరపుకు వచ్చి అప్పటికి నూరేళ్లు మాత్రమే! ఇది ఏ విదూషకుని బొమ్మో కాదు. పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తి రెండవ రుడాల్ఫ్ చిత్రం.

దీన్ని గీసినవాడు ఇటలీలోని మిలాన్‌కు చెందిన జుసెప్పె అర్చింబోల్దో. 1562 నుంచి పాతికేళ్లు ఆ వంశపు కొలువులో పనిచేసి స్వస్థలానికి వెళ్లిపోయాడు. 1590-91 ప్రాంతంలో ఈ చిత్రాన్ని గీసి ప్రాగ్ నగరానికి పంపాడు. చక్రవర్తి ఆగ్రహించలేదు సరికదా, 1592లో అతనికి కౌంట్ బిరుదు ఇచ్చాడు.

ఎందుకు మెచ్చాడో తెలియాలంటే ఆ కొలువును చూడాలి. 1583లో రుడాల్ఫ్ తన కొలువును వియన్నా నుంచి ప్రాగ్‌కు మార్చాడు. లోహాన్ని బంగారం చేస్తామనే రసవాదులు, జ్యోతిష్కులు, శిల్పులు అక్కడ చేరారు. గ్రహగతుల సూత్రాలను కనుగొన్న కెప్లర్ కూడా ఆ కొలువులోనే ఉండి జాతకాలు చూశాడు. శాస్త్రానికీ మంత్రవిద్యకూ మధ్య అప్పట్లో పెద్ద గోడ లేదు. రుడాల్ఫ్ తన కోటలో అరుదైన రాళ్లు, గవ్వలు, గడియారాలు, చిత్రాలు పోగుచేశాడు. కొన్ని జంతువుల కడుపులో ఏర్పడే రాళ్లకు బంగారు తొడుగులు చేయించాడు. అవి విషాన్ని హరిస్తాయని నమ్మకం. రాయికీ, మొక్కకూ, గ్రహానికీ, మనిషికీ కంటికి కనిపించని చుట్టరికం ఉందనీ, అది తెలిసినవానికి ప్రకృతి లొంగుతుందనీ ఆనాటి పండితులు భావించారు.

ఆ దృష్టితో చూస్తే బొమ్మ అర్థం మారిపోతుంది. చిత్రం పేరు వెర్టుమ్నస్. అతడు రోమన్ల ఋతుదేవత. ఏ కాలపు పంటైనా ఆ ఒక్క ముఖంలోనే పండింది. అంటే చక్రవర్తి ఉన్నచోట అన్ని ఋతువులూ కలిసి ఉంటాయి, కరవు ఉండదు. రాజు మంచివాడైతే నెలకు మూడు వానలు కురుస్తాయనే మాట తెలుగువారికి కొత్త కాదు కదా! వేడుకగా కనిపించే ఈ బొమ్మలో అంత పెద్ద రాజకీయపు మాట దాగి ఉంది.

రాజ్యం మాత్రం బొమ్మ చెప్పినట్లు నడవలేదు. 1608లో తమ్ముడు మత్తయాస్ హంగరీ, ఆస్ట్రియా, మొరేవియాలను, 1611లో బొహీమియాను చేజిక్కించుకున్నాడు. మరుసటి ఏడు జనవరిలో రుడాల్ఫ్ మరణించాడు. 1648లో స్వీడన్ సైన్యం ప్రాగ్ కోటను కొల్లగొట్టి సంపదను తరలించింది. పండ్ల చక్రవర్తి ఇప్పుడు స్వీడన్‌లోని స్కోక్లోస్టర్ కోటలో ఉన్నాడు.