ఱొమ్మునకు రంధ్రచికిత్స



మొన్న కాచిగూడ స్టేషనులో ఒక వృద్ధుడు తన కుమారుని ఆసుపత్రి కాగితమును నాచేత చదివించుకొనెను. ఱొమ్ములో చీము చేరినది. రంధ్రములు వేసి తీయుదుము, అవసరమైనచో కోయుదుము అని అందున్నది. “ఇది మోసము కాదుగదా పంతులుగారూ?” అని ఆయన అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానమే నేటి నా ప్రసంగము.

పూర్వపద్ధతిలో ప్రక్కను జానెడు మేర కోసి, ప్రక్కటెముకలను ఎడము చేయుదురు. ఆ నొప్పిచే రోగి గట్టిగా దగ్గలేడు. దగ్గనిచో కఫము నిలిచి న్యుమోనియా రావచ్చును. క్రొత్త పద్ధతిలో ఎముకల నడుమ ఒకటి మొదలు మూడు నాలుగు చిన్న రంధ్రములు చేసి, దీపముగల కెమేరాను లోనికి పంపి, తెరపై చూచుచు పని చేయుదురు. సాధారణముగా పూర్తి మత్తు నిచ్చి, ఆ వైపు ఊపిరితిత్తిని నిలిపి, రెండవదానితో శ్వాస నడపుదురు. కావున గాయము చిన్నదేగాని పని చిన్నది కాదు.

1910లో స్టాక్‌హోము వైద్యుడు యాకోబేయస్ గొట్టముతో ఱొమ్ములోనికి చూచిన విధమును ప్రకటించెను. 1990 ప్రాంతమున కెమేరా, తెర చేరుటచే ఈ చికిత్స వ్యాపించినది.

బ్రిటనులో ఊపిరితిత్తి క్యాన్సరు కలదని తేలిన, లేక అనుమానింపబడిన 503 మందిని చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి పరీక్షించి, 2022లో ఫలితములను ప్రకటించిరి. ఆసుపత్రిలో నుండగా ఉపద్రవములు కోతవారిలో నూటికి 44 మందికి, రంధ్రములవారిలో 33 మందికి కలిగినవి. ఆసుపత్రివాసము సామాన్యముగా 5 దినములకు బదులు 4 దినములైనది. రోగమును తొలగించుటలో లోటు కానరాలేదు. మేలు నిజమే, అపాయము మాత్రము పూర్తిగా తొలగలేదు.

చీము విషయమున కాలమే ప్రధానము. మొదట నీరువలె నుండి, పిదప గదులు గదులుగా చిక్కబడి, తుదకు ఊపిరితిత్తిపై చెట్టుబెరడువలె గట్టిపడును. తొలిదశలో గొట్టముతోనో రంధ్రములతోనో శుభ్రపఱుపవచ్చును. ఆలసించినచో పెక్కుమార్లు కోయకతప్పదు. న్యుమోనియా, క్షయ వచ్చినవారికి జ్వరము తగ్గక ప్రక్కనొప్పి, ఆయాసము కలిగినచో, కోతలు ముగియనిండని ఆగరాదు.

లోపల అంటుకొనియున్నను, రక్తము ఆగకున్నను, వైద్యుడు రంధ్రమును విడిచి కోయుట ఓటమి కాదు, వివేకము. “ఇట్టి చికిత్సలు మీరెన్ని చేసితిరి?” అని ముందుగా అడుగుట మర్యాదకు లోపము కాదు. చుట్ట, బీడీ ముందే మానవలెను. పిమ్మట నొప్పికి మందు పుచ్చుకొని, దగ్గవలెను, నడువవలెను.

ఇది విని ఆ వృద్ధుడు, కాగితము మడిచికొని, ఆసుపత్రికి దారి యడిగెను. సెలవు.