గస్తీ బండి కథ



రాత్రి రెండవ ఆట సినిమా విడిచిన పిమ్మట హనుమకొండ చౌరస్తా మీదుగా ఇంటికి మరలువారికి దారి ప్రక్కన నిలిచియున్న పోలీసు కారొకటి కనబడుచుండును. నెత్తిమీద ఎఱ్ఱని, నీలపు దీపములు. లోపల ఇద్దరు జవానులు. వారి చెంత నడుమ నడుమ గరగరలాడు వైర్లెస్సు యంత్రము. దానిని చూచి మనలో ఎవ్వరును ఆశ్చర్యపడరు. కాని ఈ సాధురూపము ధరించుటకు ముందు ఆ బండి ఎత్తిన వింత యవతారములు అన్నియు ఇన్నియు కావు. వానిలో కొన్నింటిని నేడు మీకు వినిపింతును. ఇది కేవలము వేడుకకొఱకు కాదు. పోలీసు బండి చప్పుడు విన్నప్పుడు ఊరివారు తలుపు తీయుదురా, మూయుదురా అను ప్రశ్నకు ఆ బండి కథలో కొంత జవాబు దొరకునని నా నమ్మకము.

గస్తీ యనగా తిరుగుట. పారసీకమునుండి వచ్చిన ఈ మాట నైజాము పాలనలో ఠాణా, అమీను, కొత్వాలు మొదలగు మాటలతోపాటు మన నోళ్లలో స్థిరపడినది. పల్లెలలో ఈ పని తలారిది. చేత కఱ్ఱ, భుజమున గొంగడి, వెంట ఒక లాంతరు. ఇంతే అతని సరంజామా. ప్రతి యింటి గడపయు అతనికి తెలియును. అతని దగ్గు వినబడినచో వచ్చినది ఎవరో ఊరివారికిని తెలియును. అతనికి లేనివి రెండే: ఒకటి వేగము, రెండవది దూరపు పిలుపు వినగల చెవి. ఈ రెంటిని సంపాదించుటకు జరిగిన ప్రయత్నమే గస్తీ బండి చరిత్ర.

మొదట వేగము సంగతి. అమెరికాలో ఒహాయో రాష్ట్రమున ఆక్రన్ అను పట్టణము కలదు. పోలీసు పనికై మొట్టమొదట మోటారు బండిని నడిపిన ఊరు ఇదియేనని చెప్పుదురు. అది 1899వ సంవత్సరము. ఫ్రాంక్ లూమిస్ అను నగరోద్యోగి దానిని రూపొందించెను. చిత్రమేమనగా అది పెట్రోలు బండి కాదు, విద్యుత్తుతో నడుచు బండి. దాని వేగము గంటకు 16 మైళ్లు. ఒకమారు విద్యుత్తు నింపినచో సుమారు 30 మైళ్లు పోగలిగెడిది. విద్యుత్తు కార్లు నేటి వింత యని తలచువారికి ఈ సంగతి చెప్పదగినది. దానికి దొరికిన మొదటి పని, త్రాగి వీథిలో నున్న యొక మనిషిని ఠాణాకు చేర్చుట. అనగా అది ఇంకను గస్తీ బండి కాలేదు. మనుషులను మోసికొనిపోవు బండి మాత్రమే.

దాని గతి విచారకరము. 1900 ఆగస్టులో, నిర్బంధములో నున్న ఒక నల్లజాతీయుని తమకు అప్పగింపుమని పెద్ద మూక ఠాణాపై బడినది. అధికారులు ఆ ఖైదీని అంతకుముందే క్లీవ్‌లాండు నగరమునకు తరలించియుండిరి. మూక నగరభవనమును తగులబెట్టి, ఈ బండిని కాలువలోనికి తోసినది. ఖైదీ ప్రాణము దక్కెను; బండి నీటిపాలయ్యెను. బండి యున్నంత మాత్రమున ఊరికి శాంతి రాదని పుట్టిన మరుసటి సంవత్సరముననే తేలిపోయినది.

ఇక రెండవ ఘట్టము లండను నగరమున జరిగినది. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప అచ్చట దోపిడులు హెచ్చినవి. 1919లో ఫ్రెడరిక్ వెన్స్‌లీ అను అధికారి ఒక ఉపాయము పన్నెను. సామానులు మోయు గుఱ్ఱపు బండి నొకదానిని దెచ్చి, దాని పైగుడ్డకు కన్నములు చేసి, లోపల డిటెక్టివులను కూర్చుండబెట్టి వీథులలో త్రిప్పిరి. చూచువారికి అది మూటల బండి. లోపలివారికి ఊరంతయు కనబడును. మరుసటి యేడు వైమానిక దళము వాడి విడిచిన రెండు క్రాస్లీ మోటార్లు ఆ దళమునకు లభించినవి. పిదప వానిపై వైర్లెస్సు ఏరియలు నొకదానిని అమర్చిరి. దాని చట్రము మంచపుకోళ్లు, పట్టెలవలె నుండుటచే జనులు ఆ బండికి 'మంచము' అని పేరుపెట్టిరి! దాగి తిరుగవలసిన బండి నెత్తిన మంచము మోయుచు పోవుట నవ్వు పుట్టించును గాని, ఆ మంచమే గస్తీకి మొదటి చెవి.

ఆ చెవి పూర్తిగా తెరచుకొన్నది అమెరికాలోని డిట్రాయిట్ నగరమున. అచ్చటి పోలీసులు కొన్ని యేండ్లు రేడియో ప్రయోగములు చేసిరి. వారికి దొరికినది వినోదకేంద్రములకిచ్చు లైసెన్సు. అందుచే దొంగిలింపబడిన కార్ల ఆనవాళ్లు చెప్పుటకు నడుమ సంగీతము కూడ వినిపింపవలసి వచ్చెను! కదలుచున్న బండి కుదుపులకు నిలువగల యంత్రము సిద్ధమై, 1928లో ఆ నగరపు కార్లకు కేంద్రమునుండి క్రమముగా ఆజ్ఞలు అందసాగినవి. అయినను కారులోని జవాను వినగలడే గాని బదులు పలుకలేడు. సరిగా ఇప్పుడు నా మాటలు వినుచున్న మీవలెనే. ఆ లోపము 1933లో న్యూజెర్సీ రాష్ట్రపు బయోన్ పట్టణమున తీరినది. అచ్చట కారు వినుటయే గాక మాటలాడుటయు నేర్చినది.

ఈ కథకు కీలకమిదియే. చక్రములు బండిని ఠాణానుండి దూరముగా తీసికొనిపోగలవు. పిలిచినవారి కడకు చేర్చునది మాత్రము చెవి. ఆపదలోనున్న యొకరి మాట దానికి చేరిన క్షణముననే మోసికొనిపోవు బండి కాపాడు బండిగా మారుటకు అవకాశము కలిగినది. అవకాశము మాత్రమే యని నొక్కి చెప్పుచున్నాను. ఏలయన మన సీమలో జరిగినది వేరొక కథ.

మనకు వచ్చినది జీపు. అది రెండవ ప్రపంచయుద్ధములో సైనికులకై పుట్టిన బండి. 1947లో మహీంద్రా కంపెనీవారు బొంబాయిలో దానిని కూర్చుటకు మొదలిడిరి. రోడ్డు లేనిచోట కూడ పోగల బండి యగుటచే పోలీసులకు అది ప్రియమైనది. నా బాల్యము వరంగల్లు జిల్లా పల్లెలో గడచినది. పొద్దుగూకిన తరువాత చెఱువుకట్ట మీద జీపు చప్పుడు వినబడినచో మా అమ్మమ్మ లాంతరు వత్తి తగ్గించి తలుపు గడియ వేసెడిది. ఎవరికొఱకు వచ్చిరో తెలియదు. తెలిసికొనవలెనని ఎవ్వరికిని లేదు. అర్ధరాత్రి కాలినడకను వచ్చి తలుపు తట్టు అన్నలకును ఆ గడియయే తీయవలసియుండెను. ఇరువైపులనుండి వచ్చు అడుగులకు నడుమ ఒక ముసలిదాని చేతిలోని గడియ! ఆ దినములను ఎఱిగినవారికి నేను అంతకంటె చెప్ప నక్కఱలేదు.

ఆ కాలముననే మన అడవిదారులలో మందుపాతరల భయము వ్యాపించినది. జీపు అడుగుభాగము పలుచనిది, చదునైనది. క్రింద ప్రేలుడు సంభవించినచో లోపలివారికి దిక్కులేదు. దీనికి విరుగుడుగా వచ్చినదే అన్నిటికంటె వింతైన గస్తీ బండి. దాని మూలము దక్షిణాఫ్రికాలోని కాస్పిర్. ఆ దేశపు పోలీసు శాఖ, విజ్ఞానపరిశోధన సంస్థల ఆంగ్లనామముల పొడి అక్షరములను కలగలిపి ఆ పేరు కట్టిరి. దాని అడుగు నాగటికఱ్ఱువలె క్రిందికి కొసదేలియుండును. ప్రేలుడు బలము సూటిగా తగులక ఇరుప్రక్కలకు చీలిపోవును. ఆ నమూనా ననుసరించి మన యెద్దుమైలారములోని మెదకు ఆయుధ కర్మాగారమున 'ఆదిత్య' అను బండ్లు తయారైనవి.

కాని ఉక్కు మందమైనకొలది పాతరలో మందును పెరిగినది. 2005 సెప్టెంబరులో ఛత్తీస్‌గఢ్ అడవులలో ఇట్టి బండియే ప్రేలి ఇరువదిమందికి పైగా జవానులు మరణించిరి. తుదకు అడవిలో నడచిపోవుటయే క్షేమమను నియమము బలపడినది. శతాబ్దకాలపు యంత్రకౌశలము తిరిగి తిరిగి తలారి నడకకే వచ్చినది! ఉక్కుగోడల నడుమ కూర్చున్నవానికి గుండు తగులదు, నిజమే. కాని గుడిసెలోనుండి పిలుచువాని గొంతును వానికి వినబడదు.

ఈ కథ కొక తేటైన ముగింపు కలదు. ఇటలీ పోలీసులకు 2004లో లాంబోర్గినీ యను పందెపు కారువంటి బండి యొకటి కానుకగా వచ్చినది. ఆ జాతి కారే యొకటి 2020 నవంబరులో పాడువా నగరమునుండి రోమునకు, సుమారు 500 కిలోమీటర్లు, సుమారు రెండు గంటలలో పోయినది. దొంగను తరుముటకు కాదు. ఒక రోగికి అమర్చవలసిన మూత్రపిండమును చేర్చుటకు. ఆక్రన్ బండి మొదట మోసినది త్రాగుబోతును. ఈ బండి మోసినది ఒకరి ఆయుస్సును.

మన వద్దను కాలము మారినది. అంబాసిడరు కార్ల తయారీ నిలిచిపోయిన 2014లోనే హైదరాబాదు పోలీసులకు కొత్త ఇన్నోవాలు వచ్చినవి. 2015లో వరంగల్లునకు పోలీసు కమిషనరేటు ఏర్పడినది. నేడు 112 సంఖ్యకు ఫోను చేసినచో గస్తీ కారునకు వార్త చేరును. చక్రములు కలవు, చెవి కలదు. ఇక మిగిలినది తలారికి మొదటినుండి ఉండిన మూడవ గుణము: గడప గడపతో పరిచయము. దానిని ఏ కర్మాగారమును తయారుచేయలేదు.

చౌరస్తాలోని ఆ కారును చూచినప్పుడెల్ల నాకు అమ్మమ్మ లాంతరు గుర్తువచ్చును. బండి చప్పుడు విని వత్తి తగ్గించు చేయి వత్తి పెంచిననాడు గస్తీ బండి చరిత్ర నిజముగా పూర్తియైనట్లు.