కంటి అంచున విత్తన గాదె

భోజనానంతరం పాన్‌దాన్ తెరుచుకునే ఇళ్ళలో సున్నం ఎప్పుడూ చేతికందే చోటే ఉంటుంది. దుకాణంలో దొరికే చిన్న సున్నం ప్యాకెట్ పసివారికి ఆటవస్తువులా కనిపిస్తుంది. అది చిట్లి కంట్లో పడితే కలిగేది కేవలం మంట కాదు, చూపే పోవచ్చు.

నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శక పొర కార్నియా. దాని పైకణాలు నిత్యం రాలిపోతుంటాయి. వాటి స్థానంలో కొత్తవాటిని అందించే మూలకణాలు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున, లింబస్ అనే చోట ఉంటాయి. పంటను తింటూనే విత్తనాలను గాదెలో దాచుకునే రైతు పద్ధతి వాటిది. కొన్ని కణాలు పనిలోకి వెళతాయి, కొన్ని మూలకణాలుగానే మిగులుతాయి.

మెదడులోనూ ఇటువంటి పొదుపే ఉంది. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లోని మూలకణాలలో అధికభాగం నిద్రాణంగా ఉంటాయి. పొరుగు కణాల సంకేతాలే వాటిని అలా ఉంచుతాయి. ఎలుకలలో ఆ సంకేతాలను అడ్డగించినప్పుడు మూలకణాలు ఒక్కసారిగా మేల్కొని కొత్త నాడీకణాలను విరివిగా ఇచ్చాయి; ఆపై నిల్వ తరిగిపోయింది. పెద్దల మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయని 1998లో ఒక పరిశోధన వెల్లడించగా, 2018లో మరొకటి దానితో విభేదించింది.

కంటి విషయంలో మాత్రం ఈ జ్ఞానం చికిత్సగా మారింది. సున్నంలోని క్షారం లోలోపలికి చొచ్చుకుపోయి లింబస్‌ను కాల్చివేస్తుంది. అప్పుడు తెల్లగుడ్డుపై ఉండే పొర రక్తనాళాలతో సహా కార్నియాపైకి పాకుతుంది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2001 నుంచి మూలకణాలను ప్రయోగశాలలో పెంచి ఇటువంటి కళ్ళకు అమర్చసాగింది. 2012లో అక్కడి డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం మరింత సులువైన పద్ధతిని ప్రకటించింది. ఆరోగ్యంగా ఉన్న రెండవ కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్కను తీసి, చిన్న చిన్న తునకలుగా చేసి, దెబ్బతిన్న కంటిపై పరచిన ఉమ్మపొర మీద అతికిస్తారు. కణాలు కంటిలోనే పెరుగుతాయి; ప్రయోగశాల అవసరం లేదు. రెండు కళ్ళూ కాలినవారికి ఈ అవకాశం ఉండదు.

భద్రాచలం అటవీ గ్రామాల నుంచి హైదరాబాదు దాదాపు 300 కిలోమీటర్లు. ఈ సంస్థకే చెందిన నేత్ర కేంద్రం దారిలో పాల్వంచలో ఉంది. అయితే ఎంత దగ్గరి ఆసుపత్రికన్నా ముందు అందవలసింది నీరు. సున్నం పడిన క్షణమే రెప్పలు విప్పి, కనీసం అరగంట శుభ్రమైన నీటిని ధారగా పోయాలి. కంటిని నలపరాదు, నూనె, నెయ్యి, పాలు వేయరాదు. కడిగిన వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

అన్నిటికన్నా తేలికైన రక్షణ, పాన్‌దాన్‌ను పిల్లలకందని అరలో పెట్టడం.